నకిరేకల్ నుంచి తిరుగు దారి

రామంతాపూర్,
హైదరాబాద్

చిరంజీవి నానీకి, బాబాయ్ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ సైకిల్ పిచ్చి వాడికి అంటించావు, ఇప్పుడు నువ్వే మాన్పించు" అంది. మాన్పించడం నా వల్ల కాదని వదినకూ తెలుసు. నాకు నలభై ఏడేళ్ళప్పుడు మీ పిన్ని చెప్తే నేను విన్నానా? అందుకే వద్దని రాయడం లేదు. నువ్వు పంపిన లెక్క తప్పని చెప్పడానికి రాస్తున్నాను.

నీ లెక్క ఇదీ: తెల్లవారుజామున 4కి ఎల్బీ నగర్‌లో మొదలు. విజయవాడ రోడ్డు మీద నకిరేకల్ దాకా 100 కిలోమీటర్లు, తిరిగి 100. గంటకు 20 చొప్పున పది గంటలు, రెండింటికల్లా ఇంట్లో భోజనం. గడువులోపు తొక్కి కార్డు మీద ముద్రలు వేయించుకునే ఈ 200 కిలోమీటర్ల బ్రెవే సైకిల్ సవారీకి ఇచ్చేది పదమూడున్నర గంటలు కాబట్టి ఇంకా మూడున్నర గంటలు చేతిలోనే ఉంటాయని కూడా రాశావు. కాగితం మీద బాగానే ఉంది. ఆ కాగితం మీద ఎండ లేదు, ఎత్తు లేదు, గాలి లేదు.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. విజయవాడ వైపు వెళ్ళే కొద్దీ నేల కృష్ణ దిక్కుగా దిగుతుంది. కంటికి కనబడదు, కాళ్ళకు మాత్రం తెలుస్తుంది. వేసవిలో మనకు గాలి ఎక్కువగా పడమటి నుంచే. అంటే పొద్దున చల్లటి పూట నేల దిగుతుంది, గాలి వెనక నుంచి తోస్తుంది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి ఎప్పుడు దాటావో కూడా తెలియదు. తొమ్మిదికి నకిరేకల్‌లో ఇడ్లీ తింటూ నీ అంత మొనగాడు లేడనుకుంటావు. నేనూ అనుకున్నాను. ఆ తర్వాత సైకిల్ తిప్పుతావు. అప్పటికి ఎండ ముదిరి ఉంటుంది, నేల ఎక్కుతుంది, గాలి ముఖానికి కొడుతుంది. పొద్దున 20 చూపించిన మీటరు 16, 17 చూపిస్తుంది. తొమ్మిదిన్నరకు బయల్దేరిన వాడివి ఇల్లు చేరేది రెండింటికి కాదురా, మూడున్నరకు. అందులో పదకొండు నుంచి మూడున్నర దాకా, ఈ రోడ్డు మీద మనిషన్నవాడు ఉండకూడని వేళ. పైగా నువ్వు పేరిచ్చింది మే నెల ఆఖరి ఆదివారానికి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా నాయనమ్మ ఊరికే అనేది కాదు.

నా సంగతి నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు, ఇవాళ మొత్తం చెప్తాను. అదే రోడ్డు, అదే దూరం, అదీ మే నెలే. నార్కట్‌పల్లి దాటేసరికి పన్నెండు కావస్తోంది. ఆగుదామనిపించింది, కానీ ఆగితే టైమ్ పోతుందని తొక్కాను. చిట్యాల దాటాక చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలి! నలభై డిగ్రీల ఎండలో వెన్నులో చలి. హమ్మయ్య, ఒళ్ళు చల్లబడిందనుకున్నాను, చూడు బుద్ధి ఎక్కడికి పోయిందో. ఇంకాసేపటికి సైకిల్ తెల్ల గీత దాటి లోపలికి పోతోంది, వెనక లారీ హారన్ ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. రోడ్డు పక్క ముంజలు అమ్ముకునే ఒకాయన పరుగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఓ సారూ, జర దిగుండ్రి" అన్నాడు. నీడకు తీసుకుపోయి కుండలో నీళ్ళు మొత్తం నెత్తిన గుమ్మరించాడు. ఇంటి నెంబరు చెప్పమంటే మీ పిన్ని నెంబరు గుర్తురాలేదు. పదిహేనేళ్ళుగా మారని నెంబరు. గంట తర్వాత గానీ రాలేదు. సైకిల్‌తో సహా డీసీఎం వ్యానులో ఇల్లు చేరాను. కార్డు మీద చివరి ముద్ర పడలేదు. మీ పిన్ని దాదాపు నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమే ఎండ కన్నా ఎక్కువ కాలం బాధ పెట్టింది.

కాబట్టి మొదటి మాట: మధ్యాహ్నాన్ని వదిలెయ్. పదకొండుంపావు ఎక్కడైతే అక్కడ ఆగు. నా అంచనా ప్రకారం చిట్యాల దగ్గర్లో ఉంటావు, 130 దాకా అయి ఉంటాయి, మిగిలింది 70. నీడ చూసుకుని కూర్చో. పెరుగన్నం తిను, బూట్లు విప్పు, వీలైతే ఒక కునుకు తియ్. కార్డు నిలబెట్టుకోవాలంటే ఒంటిగంటా పావుకు లేవాల్సి వస్తుంది, అప్పుడు సాయంత్రం అయిదున్నర గడువుకు మిగిలే నాలుగుంపావు గంటల్లో గంటకు పదహారున్నర చొప్పున లాక్కు రావచ్చు. ఆ లెక్క కుదిరేదే. కానీ ఒంటిగంటకు బయట ఎంత ఉందో చూసి నిర్ణయించుకో. మబ్బు పట్టి 37, 38 ఉంటే లే. 42 ఉంటే మూడున్నర దాకా పడుకుని, సాయంత్రం చల్లగా ఇంటికి రా, కార్డు పోతే పోయింది. సూపర్ రాండన్యూర్ అనే బిరుదు కావాలంటే 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ ఒకే సీజన్‌లో కావాలి, నిజమే. కానీ సీజన్ అక్టోబర్ 31 దాకా ఉంది. జూలైలో వాన తడిలో తొక్కితే ఎవరైనా కాదంటారా?

నన్నడిగితే వేసవిలో 200 తొక్కాలంటే రాత్రి ఎనిమిదికి మొదలయ్యేదే ఎంచుకోవాలి. లారీలుంటాయి, నిద్ర వస్తుంది, కుక్కలుంటాయి, అన్నీ ఒప్పుకుంటాను. వెనక ఎర్ర లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ ఎలాగూ తప్పనిసరి. నిద్రొస్తే ధాబాలో మంచం ఉంటుంది. ఎండకు అలాంటి మంచం లేదు.

సరే, నువ్వు పగలే వెళ్తావు. ఇంకా మూడు వారాలుంది, ఇప్పుడే మొదలుపెట్టు. నువ్వు హైటెక్ సిటీలో ఏసీ గదిలోంచి ఏసీ బస్సులోకి, అందులోంచి ఏసీ ఇంట్లోకి వెళ్ళే మనిషివి. నీ ఒంటికి మే నెల వచ్చిందని ఇంకా తెలియదు. దానికి చెప్పాలి. రోజూ సాయంత్రం నాలుగున్నర, అయిదుకు, ఎండ ఇంకా ఉండగానే, గంట సేపు మెల్లగా తొక్కు. పది పద్నాలుగు రోజులు వరసగా. మొదటి మూడు రోజులు ప్రాణం పోతున్నట్టుంటుంది. తర్వాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, ఒంట్లో రక్తం పరిమాణం పెరిగి గుండె దడ తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన ఆ 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ నీకు దగ్గరే కదా. కాకపోతే దాని మీద సోలార్ పలకల కప్పు ఉంది, నీడలో తొక్కితే ఎండ అలవాటు కాదు. శంకర్‌పల్లి వైపు ఎక్కడైనా కప్పు లేని రోడ్డు చూసుకో.

ఆ రోజుల్లోనే ఇంకో పని. తొక్కే ముందు బట్టల్లేకుండా తూకం చూసుకో, గంట తొక్కి వచ్చి ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకో. ఎంత తగ్గావో, దానికి మధ్యలో తాగినవి కలుపు. కిలో అంటే లీటరు. అది గంటకు నీ చెమట. ఒకరికి అరలీటరు, ఇంకొకరికి లీటరున్నర, పక్కవాడి లెక్క నీకు పనికిరాదు. మన ఎండ పొడి ఎండ, చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. మద్రాసులో తడిసి ముద్దవుతాం కాబట్టి భయపడి తాగుతాం. ఇక్కడ మోసపోతాం.

అలాగని వట్టి నీళ్ళు లీటర్లకు లీటర్లు పోసుకోకు. చెమటతో ఉప్పు పోయాక వట్టి నీళ్ళే తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, చేతి ఉంగరం బిగుసుకోవడం. దాన్ని నీళ్ళు తక్కువై అనుకుని ఇంకా తాగితే ఫిట్స్ దాకా వెళ్తుంది. కాబట్టి ఒక సీసాలో ఓఆర్‌ఎస్, రెండో దాంట్లో మామూలు నీళ్ళు. 20.5 గ్రాముల పొట్లం సరిగ్గా లీటరుకే. సీసా చిన్నదని సగం పొట్లం చూచాయగా వేసి కలిపేవాళ్ళను చూశాను, కొలవకుండా వద్దు. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాకు తలకొట్టి. రంగు డబ్బాల్లో ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మే తీపి నీళ్ళ జోలికి పోకు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆ పేరు వాడొద్దని చెప్పింది. కొబ్బరి బోండాం మంచిదే, పొటాషియం ఉంటుంది, సోడియం తక్కువ. దాని పక్కన ఏదైనా ఉప్పగా నమలాలి. ఉప్పేసిన మజ్జిగకు మించింది నాకు ఇంతవరకు కనబడలేదు. దారిలో చలివేంద్రాలుంటాయి, సిగ్గుపడకుండా ఆగు.

తిండి గురించి నువ్వు పెద్ద జాబితా పంపావు, అంత ఖరీదైన ఎనర్జీ జెల్‌లు అక్కర్లేదు. ఎండలో కడుపు మొరాయిస్తుంది, తియ్యటివి చూస్తే వికారం పుడుతుంది. అప్పుడు దిగేది మనం చిన్నప్పటి నుంచి తిన్నదే. బయల్దేరే ముందు చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ. జేబులో పిన్ని చేసిన సర్వపిండి ముక్కలు, అరటిపళ్ళు, పల్లి పట్టీలు. ఉస్మానియా బిస్కెట్లు నవ్వులాటకు చెప్పడం లేదు, తీపీ ఉప్పూ ఒకేసారి దొరుకుతాయి. ఆకలి వేసే దాకా ఆగకుండా అరగంటకోసారి కొంచెం. ఇరానీ చాయ్ తాగొచ్చు. ముందు రోజు రాత్రి స్నేహితులతో బీరు మాత్రం వద్దు. కాళ్ళు నొప్పులని బ్రూఫెన్ లాంటి మాత్ర కూడా దారిలో వెయ్యకు, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అది మూత్రపిండాల మీద పడుతుంది.

గాలి సంగతి ఒకటి చాలామందికి తట్టదు. ఒంటి చర్మం ఉండేది 35 డిగ్రీల దగ్గర. బయట 41 ఉంటే ఆ గాలి నిన్ను చల్లబరచదు, కాలుస్తుంది. చల్లబరిచేది తడి ఆరడమే. అందుకే ఒంటి మీద ఎప్పుడూ తడి ఉండాలి. తెల్ల చేతి తొడుగులు తడుపుకో, హెల్మెట్ కింద తడి తువ్వాల, మెడ చుట్టూ ఇంకొకటి. నీళ్ళ సీసాకు పాత కాటన్ సాక్స్ తొడిగి తడుపుతూ ఉండు, మన రంజన్ మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ బాగా పనిచేస్తుంది.

పంక్చర్లు. ఎండాకాలం లారీల టైర్లు పగిలి ముక్కలు రోడ్డు అంచున పడి ఉంటాయి, సరిగ్గా నువ్వు తొక్కే చోట. వాటిలో వెంట్రుకంత సన్నటి ఇనప తీగలుంటాయి. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడుము, తీగ దొరికితే చిన్న పట్టకారుతో లాగు. లాగకుండా కొత్త ట్యూబు వేస్తే అయిదు కిలోమీటర్లలో మళ్ళీ కూర్చుంటావు. ట్యూబులు రెండు పెట్టుకో. ఎక్కడ పంక్చరైతే అక్కడే కూలబడకు, నీడ దాకా నడిపించుకుపో. ఫోన్ హ్యాండిల్ మీద ఎండకు పెడితే వేడెక్కి ఆరిపోతుంది, ఊళ్ళూ దూరాలూ చిన్న చీటీ మీద రాసుకో. ప్యాడ్ ఉన్న నిక్కరు కింద ఇంకేమీ వేసుకోకు, క్రీము రాసుకో. ఇంతకంటే వివరంగా ఉత్తరంలో రాయలేను.

బామ్మర్ది కారులో వెనకే వస్తాడన్నావు. ఒప్పుకోరు, కార్డు మీద ముద్ర వేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప మధ్యలో ఎవరి సాయమూ తీసుకోకూడదు. వాణ్ణి నార్కట్‌పల్లిలో కూర్చుని ఫోన్ పట్టుకోమను. నువ్వు మానేస్తే అక్కణ్ణుంచి ఎత్తుకొస్తాడు.

చివరిగా ఇది గుర్తుపెట్టుకో, నీతో తొక్కే వాళ్ళకూ చెప్పు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకుంటారు. తొక్కేవాడికి చెమట కారుతూండగానే వడదెబ్బ తగలొచ్చు. చూడాల్సింది మాట. తికమకగా మాట్లాడుతున్నాడా, అడిగిందానికి పొంతన లేని జవాబిస్తున్నాడా, తూలుతున్నాడా. అలా ఉంటే 108కి ఫోన్ చెయ్యండి, అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోస్తూ విసరాలి. రోడ్డు పక్క పొలంలో మోటారు నడుస్తుంటే ఆ తొట్టిలో కూర్చోబెట్టి తల పట్టుకోండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి. నీకే అనుమానంగా ఉంటే నీ పరీక్ష నువ్వు చేసుకో: గంటకోసారి మీ అమ్మ ఫోన్ నెంబరు పైకి చెప్పుకో. తడబడితే దిగు.

నా పాత తెల్ల చేతి తొడుగులు వదినకిచ్చి పంపుతున్నాను. ఎడమ దానికి మోచేతి దగ్గర చిరుగుంది, కుట్టించుకో. ఆ రోజు పదకొండున్నరకు ఫోన్ చెయ్యి, ఏ చెట్టు కింద కూర్చున్నావో చెప్పు. చెయ్యకపోతే నేనే బండేసుకుని వస్తాను, మీ పిన్ని కూడా వస్తానంటోంది.

మీ బాబాయ్