వర్జీనియా వుల్ఫ్ బాక్సు సెట్టు కొనాలా, విడి పుస్తకాలు కొనాలా?

మీరడిగింది ఇదీ కదా: చెల్లెలు తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది, పుట్టినరోజుకి ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ బాక్సు సెట్టు (ఒకే అట్టపెట్టెలో వచ్చే ఆవిడ పుస్తకాలు) ఇద్దామనుకుంటున్నారు, ఆన్‌లైన్లో చూస్తే ఒకటి వందల్లో ఉంది, ఇంకొకటి వేలల్లో ఉంది, లోపలి పుస్తకాల పేర్లు మాత్రం దాదాపు అవే, మరి తేడా ఎక్కడుంది అని. నేను బాలాజీ కాలనీలో ఉంటాను, జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఈ రెండు రకాలూ మా ఇంట్లో పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రాస్తున్నా. ముందే చెప్పేస్తాను: వందల్లో వచ్చే సెట్టు వద్దు. వేలల్లోది కూడా పెట్టె అందం చూసి తీసుకోవద్దు. పెట్టె ఏ రంగులో ఉంది, బంగారు అక్షరాలున్నాయా అన్నది పక్కన పెట్టి, లోపల ఒక్క పేజీ ఎలా అచ్చయిందో చూడండి చాలు.

ధరలో అంత తేడా ఎందుకంటే, వుల్ఫ్ నవలల మీద మన దేశంలో ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. ఆవిడ 1941 మార్చిలో చనిపోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది, అంటే 2001 చివరితో అయిపోయింది. అంతకుముందు మన దగ్గర 50 ఏళ్ళే ఉండేది. టాగూర్ కూడా 1941లోనే పోయారు, ఆయన పుస్తకాల హక్కులు ఆయన పెట్టిన విశ్వభారతి యూనివర్సిటీ చేతిలోంచి జారిపోతున్నాయని ఆ గడువుని పదేళ్ళు పెంచారు. అంటే టాగూర్ పుణ్యమా అని వుల్ఫ్‌కీ, అదే ఏడు పోయిన ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్‌కీ ఇక్కడ ఇంకో పదేళ్ళు కలిసొచ్చాయన్నమాట. ఆ గడువు దాటాక ఎవరైనా వేసుకోవచ్చు. నెట్‌లో ఉన్న టెక్స్టు తీసుకుని, అక్షరాలు కుదించి, నాలుగైదు పుస్తకాలు ఒక అట్టపెట్టెలో దూర్చి అమ్మేవాళ్ళు బోలెడుమంది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ ఆ టెక్స్టుని మళ్ళీ ఒకసారి చదివి సరిచూసినవాళ్ళు ఉన్నారా అన్నదే అసలు సంగతి.

మా ఇంట్లో ఉన్న చవక సెట్టు మా అన్నయ్య కొడుకు బెంగళూరు నుంచి పంపించాడు. పాపం వాడు ప్రేమగా పంపాడు, వాడిని ఏమీ అనను. ఎవరు వేశారో పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇలాంటివి వేసేవాళ్ళు ఒకరిద్దరు కాదు. చూడ్డానికి పెట్టె ముచ్చటగా ఉంటుంది. 'టు ద లైట్‌హౌస్' నవల తీసి మధ్య భాగానికి వెళ్ళాను. అక్కడ ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది, పదేళ్ళు గడిచిపోతుంటాయి. కథకి ప్రాణంలాంటి మిసెస్ రామ్సే చనిపోయిందన్న కబురుని వుల్ఫ్ ఒకే వాక్యంలో, చదరపు బ్రాకెట్ల మధ్య, ఏదో పక్కమాటలాగా పెట్టి వదిలేస్తుంది. చదివినవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివే చోటు అది. మా కాపీలో ఆ బ్రాకెట్లు లేవు. ఆ వాక్యం పై పేరాలో కలిసిపోయింది. తెలియనివాళ్ళు ఆవిడ చనిపోయిందని గమనించకుండానే పేజీ తిప్పేస్తారు.

'ఓర్లాండో' అయితే ఇంకా విచిత్రం. అది జీవిత చరిత్రలా నటించే నవల, అందుకే 1928లో మొదటిసారి వచ్చినప్పుడు నిజం జీవిత చరిత్రల్లో లాగే ఫోటోలు, చివర్లో ఇండెక్సు పెట్టారు. ఓర్లాండో మగవాడి నుంచి ఆడమనిషిగా మారాక వచ్చే ఫోటోల్లో ఉన్నది వుల్ఫ్ స్నేహితురాలు వీటా శాక్‌విల్-వెస్ట్, ఆ నవల ఆవిడకే అంకితం. మా చవక కాపీలో బొమ్మల పట్టిక ఉంది, బొమ్మలు లేవు! ఇండెక్సూ లేదు. ఆ వేళాకోళమంతా పోయి వట్టి కథ మిగిలింది.

ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. అచ్చులో నాలుగు తప్పులుంటే ఏమైంది, కథ తెలిస్తే చాలదా అని మా స్టాఫ్ రూంలోనే ఒకాయన అన్నారు. వేరే రచయితల విషయంలో నేనూ అలాగే అంటానేమో. వుల్ఫ్ విషయంలో అనలేను. ఆవిడ, భర్త లెనార్డ్ వుల్ఫ్ కలిసి 1917లో ఒక చిన్న చేతి ముద్రణ యంత్రం కొని, ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకుని హోగార్త్ ప్రెస్ మొదలుపెట్టారు. ఒక్కొక్క సీసం అక్షరం ఏరి వరసగా కూర్చే పని ఆవిడ తన చేతులతో చేసింది. పేజీలో ఎంత ఖాళీ వదలాలి, ఎక్కడ గీత దాటాలి అన్నది చేతివేళ్ళతో నేర్చుకున్న రచయిత్రి. 'మిసెస్ డాలోవే'లో అధ్యాయాలుండవు. 1923 జూన్‌లో లండన్లో ఒక్క రోజు, ఒక ఇల్లాలు సాయంత్రం పార్టీకి పూలు కొనడానికి బయల్దేరడం దగ్గర మొదలై పార్టీతో ముగుస్తుంది. మధ్యలో ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి దాటుకుంటూ పోతుంటాం. అక్కడక్కడ వదిలిన ఖాళీ లైనే మనకి ఊపిరి తీసుకునే చోటు. చవక అచ్చులో పేజీలు ఆదా చెయ్యడానికి ముందు తీసేసేది ఆ ఖాళీ లైన్లనే. చదివేవాళ్ళేమో, బాబోయ్ వుల్ఫ్ అర్థం కాదు అని తమ తెలివిని తామే తిట్టుకుంటారు.

కాబట్టి సెట్టు పేజీలో "లోపల చూడండి" అని శాంపిల్ ఇస్తే 'ద వేవ్స్' తెరవండి. అందులో ఆరుగురు తమ మాటల్లో తాము చెప్పుకుంటూ పోతారు, మధ్యమధ్యలో సముద్రం మీద సూర్యుడు పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఎలా కదిలాడో చెప్పే చిన్న భాగాలు వస్తాయి. ఆ సముద్రం భాగాలు ఇటాలిక్స్‌లో, అంటే వాలు అక్షరాల్లో ఉండాలి. మామూలు అక్షరాల్లో కలిపేసి ఉంటే ఆ సెట్టు అక్కడితో వదిలెయ్యండి, ఇంకేం చూడక్కర్లేదు. శాంపిల్ లేకపోతే కొన్నవాళ్ళు రివ్యూల్లో పెట్టిన ఫోటోలు పెద్దవి చేసి చూడండి, పుస్తకం తెరిచి తీసిన ఫోటో ఒక్కటైనా ఉంటుంది. కాపీరైటు పేజీ కూడా చూడండి. టెక్స్టు ఎవరు సిద్ధం చేశారు, ముందుమాట ఎవరిది అన్నది అక్కడ ఉంటే మంచి గుర్తు, ఊరికే ప్రింటరు అడ్రసు ఉంటే అర్థం చేసుకోండి. (అన్నట్టు ఈ 'వేవ్స్'లో ఆ ఆరుగురూ ఆరాధించే పెర్సివల్ అనే స్నేహితుడు మన దేశానికొచ్చి గుర్రం మీద నుంచి పడి చనిపోతాడు. 'డాలోవే'లో పీటర్ వాల్ష్ కూడా ఇండియా నుంచి తిరిగొచ్చినవాడే. వుల్ఫ్ మాత్రం ఇటు ఎప్పుడూ రాలేదు. లెనార్డ్ పెళ్ళికి ముందు సిలోన్‌లో కొన్నేళ్ళు సర్కారు ఉద్యోగం చేశాడు.)

ఇక వేలల్లో ఉండే సెట్టు. అచ్చు బాగుంటుంది, కాగితం బాగుంటుంది, కాదనను. కానీ గిఫ్టు సెట్లలో చాలావాటిలో నోట్సు ఉండవు. మీ చెల్లెలు ఎం.ఏ. విద్యార్థి. 'డాలోవే'లో వచ్చే లండన్ వీధులు ఏవి ఎక్కడున్నాయో, అందులోని మానసిక రోగాల డాక్టరు మీద వుల్ఫ్‌కి అంత కోపం ఎందుకో, యుద్ధం నుంచి వచ్చిన సెప్టిమస్ పిచ్చివాడెందుకయ్యాడో చెప్పే నోట్సు లేకపోతే చివరికి గాంధీ రోడ్డులో గైడు కొనుక్కుంటుంది. పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్, ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ విడి కాపీల్లో ఈ నోట్సు, మంచి ముందుమాటలు దొరుకుతాయి. పెంగ్విన్ 'డాలోవే'కి ఎలైన్ షోవాల్టర్, 'లైట్‌హౌస్'కి హెర్మియోనీ లీ రాసిన ముందుమాటలున్న కాపీలు దొరికితే వదలొద్దు. ఆ రెండూ చదివితే సెమినార్ పేపరుకి సగం పని అయిపోయినట్టే.

పెట్టెలో ఏమేం ఉన్నాయో కూడా లెక్క చూసుకోండి. ఆవిడ నవలలు తొమ్మిది, కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ పెంపుడు కుక్క మీద రాసిన 'ఫ్లష్'ని కలిపితే పది. "కంప్లీట్" అని పెట్టె మీద రాసినా లోపల నాలుగో ఐదో ఉంటాయి, మా చవక సెట్టులో 'జేకబ్స్ రూమ్' లేదు, 'బిట్వీన్ ది ఆక్ట్స్' లేదు, ఆ చోట్లో కథల పుస్తకం ఒకటి పెట్టారు. తొమ్మిదీ ఉన్నా తొమ్మిదీ ఇప్పుడు అవసరం లేదు. 'నైట్ అండ్ డే'ని నేనే ఇప్పటిదాకా పూర్తి చెయ్యలేదు, సిగ్గేమీ లేదు.

నా మాట వింటే మొదట 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' ఇవ్వండి. నవల కాదు, 1928లో కేంబ్రిడ్జిలో న్యూనమ్, గిర్టన్ అనే రెండు ఆడపిల్లల కాలేజీల్లో చేసిన ప్రసంగాల నుంచి పుట్టిన పుస్తకం. ఆడది రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లు, తలుపు వేసుకోగల ఒక గది ఉండాలంటుంది. అందులోనే ఒక కాలేజీ లైబ్రరీ గుమ్మం దగ్గర, ఆడవాళ్ళు ఒంటరిగా లోపలికి రాకూడదని ఒక పెద్దాయన ఆపేసే ఘట్టం ఉంది. మహిళా యూనివర్సిటీలో, హాస్టల్లో నలుగురితో గది పంచుకుని చదివే పిల్లకి దీనికి నోట్సు కూడా అక్కర్లేదు. తర్వాత 'డాలోవే', ఆ తర్వాత 'లైట్‌హౌస్'. 'వేవ్స్' ఆఖర్న. నవలలు మొదట చవిచూడాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఆస్ట్రేలియా సైట్లో ఉచితంగా ఉన్నాయి, ఫోన్లో ఓ ఇరవై పేజీలు చదివి చూడమనండి. నచ్చని రచయిత పది సంపుటాలు అలమరలో కూర్చుంటే రోజూ చూసి తిట్టుకోవడమే.

తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయంటే, నిజం చెప్పాలంటే కష్టమే. మన ఊళ్ళో సెట్టు అంటే టీటీడీ వేసిన భారతం, భాగవతం సంపుటాలే, అవైతే హాయిగా చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. ఇంగ్లీషు షాపుల్లో పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. నేనైతే చెన్నై వెళ్తాను, పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మౌంట్ రోడ్డులో 1844 నుంచి ఉన్న హిగ్గిన్‌బాథమ్స్‌లో కొత్తవి చూస్తాను. సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ పాత పుస్తకాల కొట్లలో ఓపికుంటే పాత పెంగ్విన్లు దొరుకుతాయి, బేరం ఆడాలి, తమిళంలో రెండు ముక్కలు వస్తే ఇంకా మంచిది. (అసలు మూర్ మార్కెట్ భవనం 1985లోనే కాలిపోయింది, ఇప్పుడున్నవి తర్వాత ఇచ్చిన షాపులు.) మీరు ఎలాగూ వెళ్ళలేనంటే విడి కాపీలు ఆన్‌లైన్లో తెప్పించుకోండి, పెట్టె కావాలంటే చిన్న చెక్క పెట్టె ఎవరైనా కార్పెంటరు చేసిస్తాడు, అది ఈ అట్ట కన్నా పదింతలు నయం.

అట్టపెట్టె గురించి ఇంకో మాట. మనకి నవంబరు, డిసెంబరు వానలు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఆ నెలల్లో అట్ట చెమ్మ పీల్చుకుని లోపలి పుస్తకాలని బిగించేస్తుంది, వేలు పెట్టి లాగితే ముందు చిరిగేది పుస్తకం వెన్ను పైభాగమే. నేను పుస్తకాల కింద నుంచి వెనక్కి ఒక వెడల్పు రిబ్బను పోనిచ్చాను, దాన్ని లాగితే అన్నీ కలిసి ముందుకొస్తాయి. మే నెలలో ఇంకో బాధ, గమ్ము బైండింగు ఎండకి పెళుసెక్కి పేజీలు కట్టలు కట్టలుగా ఊడతాయి, మా చవక 'ఓర్లాండో' రెండు ముక్కలైంది అలాగే. కుట్టు బైండింగు అయితే ఈ గొడవ లేదు. పురుగుల భయముంటే కలరా ఉండలు అలమరలో వెయ్యండి, పెట్టె లోపల మాత్రం వద్దు, ఆ వాసనకి చదవలేరు.

ఇలా మనసులోని ఆలోచనల వెంట సాగే రచన మన భాషలో ఎలా ఉంటుందో మీ చెల్లెలికి చూపించాలనుంటే వడ్డెర చండీదాస్ నవల 'హిమజ్వాల' కూడా జత చెయ్యండి. ఆయన ఫిలాసఫీ చెప్పింది మన ఎస్వీ యూనివర్సిటీలోనే. క్యాంపస్‌లో ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు పిల్లలకి ఈ సంగతి చెబితే సగం మంది నోరెళ్ళబెడతారు.

ఇంతా విని కూడా సెట్టే కావాలంటే, బాగా చుట్టి పంపే అమ్మకందారు దగ్గరే తీసుకోండి. పెట్టె మూలలు నలిగి రావడం మామూలే. పార్సిలు విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. పుట్టినరోజు దాకా విప్పకుండా దాచిపెట్టకండి, ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది. మీరే ముందు విప్పి, ఒక్కో పుస్తకంలో పేజీలు వరసగా ఉన్నాయో లేదో తిరగేసి, మళ్ళీ గిఫ్టు పేపరు చుట్టించండి.