చర్చి ఆకారంతో శిల్పం చేస్తే భక్తుల్ని కించపరిచినట్టేనా?

గుడి, మసీదు, చర్చి ఆకారాలను ఇప్పటి శిల్పులు వేరే అర్థంలో వాడుకోవడం తప్పు కాదా, దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి అని అడిగారు. తప్పు కాదనే నా నమ్మకం. బెల్జియంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు చూసిన ఒక పని వల్ల అది గట్టిపడింది.

లింబర్గ్ ప్రాంతంలో ఆపిల్, పియర్, చెర్రీ తోటల మధ్య బోర్గ్‌లూన్ అనే చిన్న ఊరుంది. ఊరి బయట పొలాల్లో ఒక ఉక్కు చర్చి కనిపిస్తుంది. గైస్, వాన్ వేరెన్‌బర్గ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు 2011లో కట్టారు. ఎత్తు 10 మీటర్లు, బరువు 30 టన్నులు. ఆకారం మాత్రం చుట్టుపక్కల ఊళ్లలోని చర్చిలదే. గోడలు, కప్పు, శిఖరం అన్నీ ఒకదానిపై ఒకటి పేర్చిన 100 వరసల ఉక్కు పలకలే. వాటి మధ్య 2,000 పొట్టి కమ్మీలు నిలబెట్టి ఖాళీ వదిలారు. ఉక్కు తుప్పు రంగులో ఉంటుంది. ఆ పైపొర తుప్పే లోపలి లోహాన్ని కాపాడుతుంది.

గోడ దగ్గరికెళ్లి కంటికి ఎదురుగా చూస్తే పలకల అంచులు సన్నటి గీతల్లా మిగిలి, అవతలి తోటలన్నీ కనిపిస్తాయి. అక్కడే తలెత్తితే పలకల అడుగులు ఒకదాన్నొకటి కప్పేసి అదే గోడ చిక్కబడుతుంది. రెండడుగులు పక్కకి జరిగితే మళ్లీ మారుతుంది. లోపల బలిపీఠం లేదు, బెంచీలు లేవు. ప్రార్థన కోసం కట్టింది కాదు.

అయినా అది ఎవరినీ వెక్కిరించదు. ఆ ప్రాంతంలో చాలా చర్చిలకు జనం రావడం తగ్గిపోయింది, వాటిని ఏం చేయాలన్నది అక్కడివాళ్లకు నిజమైన బాధ. మన దగ్గర బస్సులోంచి గోపురం కనపడగానే ఊరొచ్చిందని తెలిసినట్టు, వాళ్లకీ శిఖరమే ఊరికి గుర్తు. ఆ గుర్తుని ఉంచి, దానిలోంచే పొలాలు కనపడేలా చేయడం నాకు గౌరవంగానే తోచింది.

అమెరికన్ శిల్పి డెనిస్ ఒపెన్‌హైమ్ 1997లో చేసిన శిల్పంలో చర్చి ఆకారాన్ని తలకిందులు చేసి, శిఖరాన్ని నేలలో దించాడు. కెనడాలోని వాంకూవర్‌లో పెడితే అభ్యంతరాలొచ్చి 2008లో తీసేశారు. ఫోటోల్లోనే చూశాను. దాన్నీ అవమానం అనను, కానీ ఆలోచన ఒక్క చూపులో అయిపోతుందనిపించింది. బోర్గ్‌లూన్‌ది చుట్టూ తిరిగితేగానీ తెలియదు.

వెళ్లాలనుకుంటే తోటలు పూసే ఏప్రిల్ మంచిది. సింట్-ట్రూయిడెన్ దాకా రైలుంది, అక్కడి నుంచి సైకిల్ హాయి. బయటి నుంచి ఫోటో తీసుకుని వచ్చేయకండి, లోపల కాసేపు నిలబడండి.