పైటార్చ్ ఉన్నా లేదంటోంది!

ప్రశ్న: వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకునే పైథాన్‌లో) డీప్ లెర్నింగ్ లైబ్రరీ పైటార్చ్ ఇన్‌స్టాల్ చేశాను. టెర్మినల్‌లో పనిచేస్తోంది. బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో మాత్రం ఆ మాడ్యూలే లేదంటోంది. ఎందుకని?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: అమ్మా, ఇదే చిక్కుతో నేనూ ఒక రాత్రంతా జాగారం చేశాను. పైటార్చ్‌ను మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను. తప్పు దానిది కాదు! నోట్‌బుక్‌లోని కోడ్‌ను నడిపేది కెర్నల్. మీ కెర్నల్ ఇంకా ఎన్విరాన్‌మెంట్ బయటి పైథాన్‌నే పట్టుకుని ఉన్నట్టుంది. ఒక సెల్‌లో ‘సిస్’ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో చెప్పే ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ విలువ చూడండి. వచ్చిన దారిలో (ఫైల్ పాత్‌లో) మీ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్ పేరు లేకపోతే కారణం ఇదే. ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసి, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌తో, నోట్‌బుక్‌కు పైథాన్ కెర్నల్‌ను అందించే ‘ఐపైకెర్నల్’ పెట్టండి. ఆ తర్వాత ‘పైథాన్ -ఎమ్ ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ డీప్’ అనే ఆదేశాన్ని టెర్మినల్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో ఇవ్వండి. ‘డీప్’ అన్నది కెర్నల్‌కు మనం పెట్టే పేరు. నోట్‌బుక్ పేజీని ఒకసారి రిఫ్రెష్ చేస్తే కెర్నల్ మెనూలో ‘డీప్’ కనిపిస్తుంది, దాన్ని ఎంచుకోండి.