మిర్యాలగూడ వైపు ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేసే డాక్టర్ ఎవరు?

మీ నాన్నగారికి గుండె రక్తనాళం పూడుకుంది, స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయాలన్నారు. రేషన్ కార్డు ఉంది కానీ చూసిన డాక్టర్ "నా దగ్గర ఆరోగ్యశ్రీ లేదు" అన్నారు. దగ్గర్లో తీసుకునే డాక్టర్ ఎవరని మీ ప్రశ్న. మా మామగారిది సూర్యాపేట. ఆయనకూ ఇదే జబ్బు, ఇదే కార్డు. అప్పుడు తిరిగినదంతా నేనే కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు డాక్టర్ కోసం వెతకడం ఆపండి. ఆరోగ్యశ్రీ డాక్టరుకు ఉండదు, ఆసుపత్రికి ఉంటుంది. అది కూడా ఆసుపత్రి మొత్తానికి కాదు, విభాగాల వారీగా. బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్నంత మాత్రాన గుండెకు వర్తిస్తుందని లేదు. ఎముకలకు ఉండి గుండెకు లేని ఆసుపత్రులు బోలెడు. ఇంకో సంగతి. మన పట్టణాల్లో సొంత క్లినిక్‌లో చూసే గుండె డాక్టర్లు చాలామంది ప్రొసీజర్లు మాత్రం వేరే పెద్ద ఆసుపత్రిలో చేస్తారు. క్లినిక్‌లో కార్డు నడవకపోయినా ఆ పెద్ద ఆసుపత్రిలో నడవొచ్చు. కాబట్టి మీ డాక్టర్ దగ్గరికే మళ్ళీ వెళ్ళి "సార్, మీరు స్టెంట్లు ఎక్కడ వేస్తారు? అక్కడ ఆరోగ్యశ్రీ ఉందా?" అని అడగండి. మా మామగారి పని సగం ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోయింది. క్లినిక్‌లో కాదన్న డాక్టరే హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కార్డు మీద స్టెంట్ వేశారు.

ఆయన కుదరదంటే ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయండి. జిల్లా పేరు చెప్పి, గుండె విభాగానికి ఒప్పందం ఉన్న ఆసుపత్రులు ఏవో అడిగి రాసుకోండి. తెలంగాణ ఆరోగ్యశ్రీ వెబ్‌సైట్‌లో కూడా ఆసుపత్రుల జాబితా ఉంటుంది. కానీ జాబితా చూసి నేరుగా బస్సెక్కకండి. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు అప్పుడప్పుడు సేవలు ఆపేస్తుంటాయి. 2025లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ అలాగే జరిగింది. జాబితాలో పేరుంటుంది, అక్కడికి వెళ్తే "ఇప్పుడు తీసుకోవట్లేదమ్మా" అంటారు. బయల్దేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, రిసెప్షన్ కాకుండా ఆరోగ్యమిత్రను లైన్లోకి ఇమ్మనండి.

మీకు నిజంగా కావాల్సిన మనిషి ఈ ఆరోగ్యమిత్రే. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో (పథకంతో ఒప్పందం ఉన్నవి) వీళ్ళకు విడిగా ఒక డెస్క్ ఉంటుంది. వీళ్ళు పథకం తరఫు మనుషులు, ఆసుపత్రి సిబ్బంది కాదు. క్యాష్ కౌంటర్ దగ్గరికి పోకముందే వీళ్ళను కలవండి. నాన్నగారి ఆధార్, రేషన్ కార్డు, ఈసీజీ, ఎకో రిపోర్టులు, యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో పూడిక చూసే పరీక్ష) అయ్యుంటే దాని సీడీ చేతిలో ఉండాలి. కార్డులో నాన్నగారి పేరు ఉందా, ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని ఇంట్లోనే చూసుకోండి. మా మామగారికి ఇంటి పేరు ఒకదాంట్లో ఒకలా ఇంకోదాంట్లో ఇంకోలా పడి, అది సరిచేయించేలోపు మాకు బీపీ పెరిగింది. కొత్త రేషన్ కార్డులు 2025లో ఇచ్చారు కదా, మీది మారి ఉంటే కొత్తదే తీసుకెళ్ళండి.

ఆసుపత్రి వాళ్ళు రిపోర్టులు ఆరోగ్యశ్రీ ట్రస్టుకు పంపి, అప్రూవల్ వచ్చాకే స్టెంట్ వేస్తారు. ఈలోపే డబ్బు మాట వస్తుంది. మేం ముందుగా వెళ్ళిన ఒక ఆసుపత్రిలో (పేరు వద్దులెండి) "టెస్టులకు కట్టండి, అప్రూవల్ రాగానే తిరిగిచ్చేస్తాం" అన్నారు, రసీదు మాత్రం ఇచ్చేది లేదన్నారు. అక్కడి నుంచి బయటికి వచ్చేశాం. ఇంకోచోట "ఆరోగ్యశ్రీలో మామూలు స్టెంటే వస్తుంది, మంచిది కావాలంటే పైన కట్టాలి" అన్నారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టింది. మందు పూత ఉన్న రకానికి కూడా అప్పుడు పెట్టిన పరిమితి 30 వేల లోపే. లక్షల్లో చెప్తే ఈ మాట గుర్తుచేయండి. అడిగింది ఎంతైనా సరే, కాగితం మీద రాసిమ్మనండి. చాలాసార్లు ఆ మాటతోనే వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104లో ఫిర్యాదు చేయండి. యాంజియోగ్రామ్ మళ్ళీ చేయాలంటే ఆ ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.

ప్రభుత్వ ఆసుపత్రులను పక్కన పెట్టేయకండి. హైదరాబాద్‌లోని నిమ్స్, గాంధీ, ఉస్మానియా మూడింటిలోనూ గుండె విభాగాలున్నాయి. వరుస పెద్దది, బెడ్ దొరకడం ఆలస్యం, తోడున్నవాళ్ళకు ఓపిక కావాలి. కానీ పైన కట్టమనే బేరం ఉండదు. మీ నాన్నగారికి కొంత వ్యవధి ఉందని డాక్టర్ అంటే నేనైతే నిమ్స్‌కే ముందు వెళ్తాను.

ఊళ్ళో ఆర్ఎంపీ "నాకు తెలిసిన ఆసుపత్రి ఉంది, నేనే దగ్గరుండి చేర్పిస్తా" అంటే ఒక్క నిమిషం ఆగండి. అందరూ అలాంటివాళ్ళు కాదు, కానీ పేషెంట్‌ను పంపినందుకు కమీషన్ తీసుకునేవాళ్ళు ఉన్నారని మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు.

ఇదంతా టైముంటేనే. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం మొదలైతే ఏ జాబితా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. అత్యవసరమైతే ఫోన్ మీదే అప్రూవల్ తీసుకునే వీలు ఆరోగ్యశ్రీలో ఉంది. మనిషిని చేర్చాక ఇంట్లోవాళ్ళు కార్డు తెచ్చివ్వొచ్చు.

ఆరోగ్యశ్రీ ఇచ్చే డబ్బు పరిమితి గురించి టెన్షన్ వద్దు. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, స్టెంట్‌కు అంత అవసరం రాదు. డిశ్చార్జి అయ్యాక 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఆ తర్వాతి మందులు పథకంలో వస్తాయో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు నెలల తరబడి వాడాలి, డాక్టర్ చెప్పకుండా మధ్యలో ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. జన ఔషధి దుకాణంలో అవే మందులు చాలా తక్కువకు వస్తాయి. మామగారికి మేం అక్కడి నుంచే తెస్తున్నాం.