మొదటిసారి పాత వాచీ కొంటున్నా, ఒరిజినలో కాదో, అమ్మేవాళ్లని నమ్మొచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు రెండు వాచీల ఫోటోలు పెట్టారు కదండీ, ఒకటి ఆరెంజ్ డయల్ ఫేవర్ లూబా సీ చీఫ్, తళతళ మెరుస్తోంది, "ఫుల్ సర్వీస్ అయ్యింది, మింట్ కండిషన్" అని అమ్మేవాడు రాశాడు. రెండోది హెచ్ఎంటీ పైలట్, డయల్ మీద చిన్న మచ్చలున్నాయి, గ్లాసు గీతలు పడింది, అమ్మేది ఎవరో పెద్దాయన, ఫోటోలు కూడా సరిగ్గా తీయలేదు. మీ మనసు ఫేవర్ లూబా మీద ఉందని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. నేనైతే ఆ పైలట్ వెంట పడతాను, ఎందుకో చెప్తా.

చాలా ఏళ్లుగా పాత కీ వాచీలు కొంటున్నా, హైదరాబాద్ పాతబస్తీలో నాకు తెలిసిన ఒక మెకానిక్ గారి దగ్గర ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుంటా, ఆయన మూత తీసిన ప్రతిదీ చూస్తా. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే పాత వాచీలో ఎక్కువగా మోసం జరిగేది డయల్ దగ్గర, మెషీన్ దగ్గర కాదు. ఫేవర్ లూబా వాళ్లకి 1865 నుంచే బొంబాయితో సంబంధం ఉంది, మన దేశంలో ఒకప్పుడు బాగా అమ్ముడుపోయిన స్విస్ వాచీ అది, అందుకే పాత మెషీన్లు, కేసులు (వాచీ బయటి బాడీలు) ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి. కానీ మన ఉక్కపోతకి, చెమటకి డయల్ పాడైపోతుంది. దాన్ని గీకేసి, కొత్త రంగు కొట్టి, అక్షరాలు మళ్లీ ప్రింట్ చేసి, ఎక్కడిదో కేసులో ఎక్కడిదో మెషీన్ పెట్టి అమ్ముతారు, కలెక్టర్లు వీటినే ముంబై స్పెషల్ అంటారు. ఆరెంజ్, చిలకపచ్చ, ఆకాశనీలం లాంటి రంగుల్లో కొత్తగా మెరిసే 50 ఏళ్ల వాచీ తక్కువ రేటుకి కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఫోటోని బాగా జూమ్ చేసి చూడండి, సరిగ్గా కనపడకపోతే అడిగి దగ్గర నుంచి తీయించుకోండి. ఫ్యాక్టరీ ప్రింట్ లో అక్షరాల అంచులు భూతద్దం కింద కూడా కోసినట్టు ఉంటాయి, రీడయల్ లో, అంటే ఇలా మళ్లీ రంగేసిన డయల్ లో, రంగు కొంచెం పాకి లావుగా ఉంటుంది, ఒకే లైన్లో ఒక అక్షరం పైకి ఒకటి కిందకి ఉంటుంది. తర్వాత అంచున ఉండే నిమిషాల గీతలు చూడండి, 12 దగ్గర గంట గుర్తు మధ్యలోకి గీత సరిగ్గా వచ్చిందా, 5 దగ్గర, 7 దగ్గర కూడా అలాగే వచ్చిందా. చేత్తో చేసినవాటిలో ఎక్కడో ఒకచోట పక్కకి జరిగి ఉంటుంది. డేట్ కిటికీ అంచు చుట్టూ రంగు గడ్డకట్టి ఉందా అనేది కూడా. 6 కింద స్విస్ అని ఉండాల్సిన చోట అసలేమీ లేకపోయినా, ఉండి పక్కకి ఒరిగినా ఆలోచించాల్సిందే. ఇంకోటి, ఆ రోజుల్లో రాత్రి మెరవడానికి చాలా వాచీల్లో ట్రీషియం వాడారు, దాని శక్తి పన్నెండేళ్లకి కొంచెం అటూఇటూగా సగానికి పడిపోతుంది, కాబట్టి 40 ఏళ్ల నాటి ట్రీషియం డయల్ చీకట్లో ధగధగ వెలుగుతోందంటే ఎవరో మళ్లీ పూశారన్నమాట.

ఒకసారి నా ఫ్రెండ్ ఇలాంటి సీ చీఫ్ నే తెచ్చి మెకానిక్ గారికి ఇచ్చాడు. ఆయన మూత తీయకముందే కీ పట్టుకుని కొంచెం కదిపారు, లోపల మెషీన్ మొత్తం కదిలింది. మూత తీస్తే మెషీన్ చుట్టూ ఖాళీ పూడ్చడానికి తెల్ల ప్లాస్టిక్ ముక్క కోసి కూరారు, అంటే ఆ కేసు ఆ మెషీన్ కోసం చేసింది కాదు. మెషీన్ మీద ఫేవర్ లూబా అని ఉంది, అది అసలుదే. అమ్మినతను "ఒరిజినల్ స్విస్ మెషీన్" అని మెసేజ్ పెట్టాడు, ఆ ఒక్క ముక్క వరకూ నిజమే చెప్పాడు.

అందుకే అమ్మేవాళ్లని మీరు రాతపూర్వకంగా, చాట్ లోనే, ఒక్క ప్రశ్న అడగండి: డయల్ ఒరిజినలా, రీపెయింటా? దీనికి "100 పర్సెంట్ ఒరిజినల్ మెషీన్ సార్, గ్యారంటీ" అని జవాబొచ్చిందనుకోండి, మీరు అడిగింది డయల్ గురించి, ఆయన చెప్పింది మెషీన్ గురించి. మళ్లీ అడగండి. రెండోసారి కూడా పక్కకి వెళ్తే ఇక ఆ వాచీ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. తర్వాత మూత తీసి మెషీన్ ఫోటో అడగండి, పక్కన కాగితం మీద మీ పేరూ ఆ రోజు తేదీ రాసి పెట్టి తీయమనండి, ఎందుకంటే ఒకరి ఫోటోలు ఇంకొకరు వాడుకోవడం మామూలైపోయింది, మీరు కూడా ఆ ఫోటోని గూగుల్ లో వేసి వెతకండి. "సర్వీస్ అయ్యింది" అంటే ఎప్పుడు, ఎవరు చేశారు, ఏం మార్చారు అని అడగండి, నిజంగా చేయించినవాళ్లకి ఇది చెప్పడం కష్టమేమీ కాదు. "ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఇప్పుడే యూపీఐ చేయండి" అని తొందర పెట్టేవాళ్ల దగ్గర నేను ఎప్పుడూ కొనను, పోతే పోనివ్వండి, ఇంకోటి వస్తుంది.

నేను మళ్లీ మళ్లీ కొనే ఒకాయన ఉన్నారు, ఆయన ఫోటోతో పాటే రాసేస్తారు, గ్లాసు మార్చాను, కీ ఒరిజినల్ కాదు, రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది, 4 దగ్గర డయల్ మీద మరక ఉంది అని. బేరం ఆడాలనిపించదు అలాంటివాళ్లతో. ఏమీ తెలియనివాళ్లు వేరే అండి, వాళ్లని దొంగల లెక్కలో కట్టకండి. ఆ పైలట్ పెద్దాయన లాంటివాళ్లు "నాకు తెలీదు బాబూ, మా నాన్నగారిది" అంటారు, కానీ ఏ ఫోటో అడిగితే అది పంపిస్తారు, దగ్గర్లో షాపుకి తీసుకెళ్లి మూత తీయించమన్నా తీయిస్తారు. తెలియకపోవడానికీ తప్పించుకోవడానికీ తేడా రెండు మెసేజుల్లో మీకే తెలిసిపోతుంది. నాన్నగారిది అన్న కథ మాత్రం సాక్ష్యం కాదు, దానికి డబ్బులు ఎక్కువ ఇవ్వకండి, వాచీకే ఇవ్వండి.

జపాన్ వాళ్ల సీకో 5 చూద్దామనుకుంటే ఇంకా సులువు, వెనక మూత మీద మోడల్ నంబర్ 7009 తో మొదలైతే లోపల మెషీన్ కూడా 7009 అయ్యుండాలి, డయల్ అడుగున 6 పక్కన సన్నగా ఉండే కోడ్ కూడా దానితోనే మొదలవ్వాలి, మళ్లీ రంగేసిన డయళ్లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. సీరియల్ నంబర్లో మొదటి అంకె తయారైన సంవత్సరం చివరి అంకె, రెండోది నెల, అక్టోబర్ కి ఓ, నవంబర్ కి ఎన్, డిసెంబర్ కి డి.

మొదటి వాచీకి హెచ్ఎంటీనే ఎందుకంటున్నానంటే, 1961 లో జపాన్ సిటిజెన్ కంపెనీ సాయంతో మొదలుపెట్టి ఎన్ని లక్షల వాచీలు చేశారో, జనతా, పైలట్ లాంటివాటిలో ఉండే 0231 మెషీన్, 17 జువెల్స్ (లోపల అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు), ఏ ఊళ్లో పాత మెకానిక్ అయినా కళ్లు మూసుకుని విప్పుతాడు, పార్టులు దొరుకుతాయి. పోల్చి చూసుకోవడానికి అసలు వాచీలు చుట్టాల ఇళ్లలోనే ఉంటాయి, అడిగి తీసి చూడండి, చేతిలో పట్టుకుని ఒక్క అసలు డయల్ చూస్తే నేను ఇంత రాసినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. అయితే 2016 లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేయాలని కేంద్రం నిర్ణయించాక జనాలు వీటి కోసం ఎగబడ్డారు, దాంతో వీటిల్లో కూడా రీడయల్స్ వచ్చాయి, ఫ్యాక్టరీ ఎప్పుడూ చేయని రంగుల్లో పైలట్లు తిరుగుతున్నాయి. వాడని పాత స్టాక్ అని ఎక్కువ రేటు చెప్తే మెషీన్ స్క్రూల గాడులు చూడండి, స్క్రూడ్రైవర్ జారిన గీతలుంటే, బెల్టు తగిలించే చోట లోపలివైపు అరిగి ఉంటే అది వాడిందే.

పైలట్ తీసుకుంటే మొదటి ఖర్చు సర్వీసింగ్ అనుకోండి, పాత ఆయిల్ ఎండిపోయి ఉంటుంది, అలాగే నడిపితే లోపల అరిగిపోతుంది. నీళ్లు తగలనివ్వకండి. మెకానిక్ కి ఇచ్చేటప్పుడు డయల్ తుడవొద్దు, కేసుకి పాలిష్ పట్టొద్దు, ముళ్లు మార్చొద్దు అని ముందే గట్టిగా చెప్పండి, గ్లాసు ఒక్కటి మార్పిస్తే చాలు.