ఆసక్తి కాదు, ప్రశ్న రాయి

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి,

పీహెచ్‌డీ ఇంటర్వ్యూ కోసం రాసుకున్న రెండు పేజీలూ చదివాను. "చిన్నప్పటి నుంచీ సాహిత్యమంటే ప్రాణం" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టెయ్. అబద్ధమని కాదు, బల్లకి అవతల కూర్చున్నవాళ్లకి దానితో పని లేదు. నువ్వేం చదివావో, అందులో ఏ సంగతి తేలక నిన్ను వేధిస్తోందో వాళ్లకి కావాలి.

"ఉత్తరాంధ్ర కథల్లో మాండలికం నా ఆసక్తి" అన్నావు. చాసో, కారా, పతంజలి అందరూ పడతారు అందులో. ఒక్కరిని పట్టుకో. వకీలుగా బతికిన రావిశాస్త్రినే తీసుకో. ఆయన కథల్లో పాత్ర మాట ఎక్కడ ఆగుతుంది, కథకుడి మాట ఎక్కడ మొదలవుతుంది? ఇదైతే ప్రశ్న.

ముందు ఒక్క కథ జెరాక్స్ తీయించు. పాత్రల మాటల కింద ఎర్రగీత, కథకుడి మాటల కింద నీలిగీత గియ్యి. పూర్ణామార్కెట్లో వినబడే "ఏటి" లాంటి మాట నీలిగీత మీద కనబడిందా, అక్కడ ఆగు. కథకుడు పాత్ర గొంతు అరువు తెచ్చుకున్న చోటది. అలాంటివి నాలుగైదు దొరికితే నీ ప్రతిపాదనకి కాళ్లు వచ్చినట్టే. ఒక్కటీ దొరక్కపోతే ప్రశ్న మార్చుకో. చేరిన మూడేళ్లకి తెలిసేకన్నా ఇప్పుడే తెలియడం నయం.

ఉదాహరణలు టైపు చేయించాక పుస్తకంతో అక్షరం అక్షరం సరిచూసుకో. డీటీపీ చేసేవాళ్లు "సెప్పు"ని తప్పనుకుని "చెప్పు" చేసేస్తారు. మాండలికం మీద వాదనకి అంతకంటే దెబ్బ లేదు.

ఏ ముద్రణ వాడావో తప్పకుండా చెప్పు. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. రెండో కూర్పులోని సంభాషణ చూపించి 1897 అని రాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతావు.

ఆంధ్రా యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్లి, నీ విషయం మీద ఇదివరకు వచ్చిన సిద్ధాంత గ్రంథాలు, అంటే పీహెచ్‌డీ థీసిస్‌లు, చూడు. ముగింపు అధ్యాయం ముందు చదువు. వాళ్లు వదిలేసినదేమిటో ఒక్క వాక్యంలో రాయగలిగితే అది నీ ప్రతిపాదనలో ఉండాలి.

ఇక నీ రచనల సంగతి. "నలభై కవితలు రాశాను" అనే లెక్క వద్దు. అచ్చయినవాటికి పత్రిక పేరు, నెల, సంవత్సరం చాలు. నీ కథలో సంభాషణ యాసలో, వర్ణన పుస్తకాల తెలుగులో పెట్టి రెండూ అతకక అవస్థపడి ఉంటే, అది రాయి. నీ రచనకీ పరిశోధనకీ ముడి అక్కడే ఉంది. ఎం.ఏ. సెమినార్ పత్రాల శీర్షికలతో ఊరుకోకు, ఏం తేల్చావో చెప్పు.

మొత్తం 500 మాటలు దాటనీకు. అందులో సగం ప్రశ్నకే. నమూనాగా పది పన్నెండు పేజీల వ్యాసం ఇవ్వు, అదీ ఒకే రచన మీద రాసినది. సర్వే వ్యాసాల్లో నీ చదువు కనబడుతుంది గానీ నీ చూపు కనబడదు.

ఆదివారం లోపు తిరగరాసి పంపు. రెండు రంగుల గీతలున్న ఆ జెరాక్స్ కూడా జత చెయ్యి, చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
అన్నయ్య