పిల్లాడి మెయింటెనెన్స్: జీతంలో 25 శాతం అనే లెక్క నిజమేనా?

మీకు చేతికొచ్చే జీతం 58 వేలు, ఇంటి లోను ఈఎంఐ 21 వేలు, విడిగా ఉంటున్న మీ ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 24 వేల జీతం, ఆరేళ్ళ బాబు ఆవిడ దగ్గరే ఉన్నాడు, బాబు పోషణకి (మెయింటెనెన్స్) నెలకి 25 వేలు కావాలని పిటిషన్ వేశారు. ఈఎంఐ తీసేసి మిగిలినదాంట్లో 25 శాతం ఇస్తే చాలట కదా అని అడిగారు. నేను లాయర్‌ని కాదు, 2021లో పిటిషన్ అందుకుని ఇప్పటికీ మా పాపకి నెలనెలా కడుతున్నవాణ్ణి. నాకు జరిగింది చెబుతాను.

ముందు ఆ 25 శాతం సంగతి. అది 2017లో సుప్రీంకోర్టు ఒక భార్య భరణం కేసులో అన్న మాట, నికర జీతంలో పాతిక శాతం భార్యకి సబబుగా ఉంటుందని. పిల్లలకి ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా లేదు. ఇప్పుడు కోర్టులు చూసేది 2020 నవంబరులో వచ్చిన సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు. దాని ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ రాసి అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి, మీరొక్కరే కాదు, ఆవిడ కూడా. అసలు కథంతా ఆ కాగితాల్లోనే ఉంటుంది.

నేను నా అఫిడవిట్లో పాప ఖర్చు అన్న చోట "సుమారు 5,000" అని రాసి ఊరుకున్నాను, నాకు తెలిసింది అంతే మరి. తర్వాత వాయిదాకి మా ఆవిడ అఫిడవిట్ కాపీ వచ్చింది. స్కూలు ఫీజు రసీదులు, వ్యాను, ట్యూషన్, మందులు, కీబోర్డు క్లాసు 1,200, అన్నీ బిల్లులతో, మొత్తం 17,400. మధ్యలో ఒక లైను: కళ్ళద్దాలు, ఏడాదికి రెండుసార్లు. మా పాపకి అద్దాలు వచ్చాయా అని లాయర్ గారిని అడిగాను. ఆయనేం చెబుతాడు పాపం.

చివరికి పాపకి 12,000 వేశారు. అప్పుడు నా జీతం 54 వేలు, ఆవిడది 19 వేలు. ఆర్డర్లో ఇలాగే లెక్క వేశారని కాదు గానీ, ఇంటికొచ్చి నేనే కాగితం మీద వేసుకున్నాను: కీబోర్డు క్లాసు తీసేస్తే ఖర్చు 16,200, ఇద్దరి జీతాల్లో నా వాటా 74 శాతం, అంటే దాదాపు 12 వేలే. తల్లి కూడా సరిపడా సంపాదిస్తుంటే పిల్లల ఖర్చు ఇద్దరూ జీతాల దామాషాలో పంచుకోవచ్చని ఆ 2020 తీర్పులోనే ఉంది. మీ బాబు ఖర్చు బిల్లులతో సహా 18 వేలని తేలితే, ఇదే లెక్కన మీ వాటా 12–13 వేల దగ్గర ఉంటుంది. గ్యారంటీ అని మాత్రం అనుకోకండి, జడ్జిగారి విచక్షణ చాలా ఉంటుంది.

ఈఎంఐ మీద ఆశ పెట్టుకోకండి. ట్యాక్స్, పీఎఫ్ లాంటి తప్పనిసరి కోతలు తీసి చూస్తారు, మనంతట మనం తీసుకున్న లోన్లు, చీటీలు, ఎల్ఐసీ ప్రీమియాలు చూపించి పిల్లాడి వాటా తగ్గించమంటే సాధారణంగా ఒప్పుకోరు. నేను పర్సనల్ లోను కాగితాలు ఫైలు నిండా పెట్టాను, ఒక్క నిమిషం కూడా చూడలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు బాబు, ఆవిడ ఉంటుంటే మాత్రం సంగతి వేరు, అది మీ లాయర్‌తో గట్టిగా వాదించమనండి.

ఇంకోటి, కేసు నడుస్తోంది కదా, ఆర్డర్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే మునుగుతారు. పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. నాకు ఆర్డర్ వచ్చేసరికి 14 నెలలైంది, 1,68,000 బకాయి ఒకేసారి నెత్తిన పడింది. ఈ లోపల నేనేమీ ఇవ్వలేదా అంటే ఇచ్చాను, చేతికి క్యాష్ ఇచ్చాను, 7,500 పెట్టి సైకిల్ కొన్నాను. రుజువేదీ అన్నారు. సైకిల్‌కి బిల్లుంది కానీ అది కానుక కిందకే పోయింది. కాబట్టి ఇప్పటి నుంచే ఎంతో కొంత ఆవిడ అకౌంట్‌కి వేయండి, రిమార్క్స్‌లో బాబు పేరు, నెల రాయండి. ఫీజు నేరుగా స్కూలుకే కడతానంటే ఆ మాట ఆర్డర్లో రాయించుకోండి.

ఉద్యోగం మానేసి సున్నా చూపించమని మా బావమరిది వరసవాడొకడు సలహా ఇచ్చాడు. ఒంట్లో శక్తి ఉన్నవాడు కూలి పని చేసైనా పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అనేసింది, ఆ సలహా ఎవరిచ్చినా దణ్ణం పెట్టేయండి.

నేను చేసిన అసలు పొరపాటు వేరే ఉంది. పాపని చూపించడం లేదని కోపమొచ్చి రెండు నెలలు ఆపేశాను. చూడ్డానికి వేసే పిటిషన్ వేరు, ఇది వేరు, ఒకదానికోసం ఇంకోటి ఆపడానికి లేదు. బకాయి వసూలుకి పిటిషన్ పడింది, వారెంట్ దాకా వచ్చింది. కట్టని ఒక్కో నెలకీ నెల దాకా జైలు వేయొచ్చు, జైలుకెళ్ళొచ్చినా బాకీ అలాగే ఉంటుంది. అప్పు చేసి కట్టాను.

మీ నోటీసులో సెక్షన్ 144 అని ఉంటే కంగారు పడకండి, అది భార్యాపిల్లల పోషణ గురించిన పాత సీఆర్‌పీసీ 125 సెక్షనే, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో నంబరు మారింది. జీతం పడిపోయినా, పిల్లాడి ఖర్చు పెరిగినా నెలనెలా ఇచ్చే మొత్తాన్ని మార్చమని ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చు. రాజీ కుదిరితే ఏడాదికింత పెరుగుదల అని ముందే రాసుకోండి, ప్రతిసారీ కోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది. పిల్లాడికేమీ అక్కర్లేదని ఆవిడ సంతకం పెట్టినా నమ్ముకోవద్దు, అది బాబు హక్కు, వాళ్ళమ్మ వదిలేస్తే పోయేది కాదు.

వాయిదా ఎప్పుడో రాయలేదు మీరు. ఈలోపు బాబు స్కూలు ఫీజు ఎంతో, వ్యాను ఎంతో, డాక్టరు ఎవరో కనుక్కోండి, అఫిడవిట్లో "సుమారు" అని మాత్రం రాయకండి.